రాయిని వెతికే ముందు చూసినవాళ్ళని వెతకాలి

(ఆంధ్రప్రదేశ్‌లోని విస్సన్నపేటలో విద్యార్థులు, ఊరివాళ్ళ ముందు ఒక విశ్రాంత భూగర్భశాస్త్ర అధ్యాపకుడు, ఆకాశం నుంచి పడే ఉల్కల్ని ఎలా వెతకాలో చెబుతూ చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ బల్లలు ఖాళీగానే ఉన్నాయి. పెద్దాయనా, మీరు ఆ ఫ్యాను కింద కూర్చోండి. మీతో నాకు పని ఉంది, చివర్లో చెబుతాను.

ముందు ఒక ప్రశ్న. చుక్క రాలడం చూసినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. దాదాపు అందరూ చూశారు. సరే. ఇప్పుడు ఇంకో ప్రశ్న. మామూలు చుక్క కాదు, ఒక్కసారిగా వాకిలంతా వెలిగిపోయి, చెట్ల నీడలు నేల మీద కదిలేంత పెద్ద వెలుగు చూసినవాళ్ళు? ఇద్దరు, ముగ్గురు. చూశాక ఏం చేశారు? నోరు తెరుచుకుని నిలబడ్డారు. తర్వాత ఇంట్లోవాళ్ళని పిలిచారు. తర్వాత? "అదిగో, ఆ తాళ్ళ వెనకాల పడింది" అని చూపించారు. అంతేనా? అందరం అదే చేస్తాం. ఆ వెలుగు చూసిన ప్రతి మనిషీ, ఏ దేశంలోనైనా సరే, పక్క చేలోనే పడిందనుకుంటాడు. అది మన తప్పు కాదు, కంటికి అలా కనపడుతుంది.

ఒక పని చేయండి. అందరూ చెయ్యి పూర్తిగా ముందుకు చాపండి. పిడికిలి బిగించండి. ఒక కన్ను మూసి, ఆ పిడికిలిని కిటికీ అడుగు అంచు మీద పెట్టినట్టు చూడండి. అలా చాపిన పిడికిలి ఎత్తు సుమారు పది డిగ్రీలు. ఇప్పుడు ఆ వెలుగు నేలకి ఒక పిడికిలి ఎత్తులో ఆరిపోయిందనుకుందాం. మీకు అది ఊరి చివర పడినట్టే ఉంటుంది. కానీ అలాంటి వెలుగు ఆరిపోయేది భూమికి ఇరవై, ముప్పై కిలోమీటర్ల ఎత్తులో. ముప్పై కిలోమీటర్ల ఎత్తున్న వస్తువు మీకు ఒక్క పిడికిలి ఎత్తులో కనపడాలంటే అది ఎంత దూరంలో ఉండాలి? నూట డెబ్బై కిలోమీటర్ల దూరంలో! ఇక్కడి నుంచి నేరుగా గీత గీస్తే నల్గొండ ఎంత దూరమో సుమారు అంత. మీరు తాళ్ళ వెనక వెతుకుతుంటారు, అది నల్గొండ మీద ఆరిపోయి ఉంటుంది. నల్గొండలో నిలబడ్డవాడికి అదే వెలుగు నడినెత్తిన కనపడి ఉంటుంది.

అందుకే ఒక్కరు చూస్తే చాలదు. మీరు పడమర అంటారు, ఇంకో ఊళ్ళో ఇంకొకాయన తూర్పు అంటాడు. ఆ రెండు మాటలూ కలిసినచోటే దాని జాడ ఉంటుంది. ఇద్దరి మాటా నిజమే. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ ఈ మాట దగ్గరికే వస్తాను.

ఇప్పుడు పైన ఏం జరుగుతుందో చూద్దాం. అంతరిక్షం నుంచి వచ్చే రాయి సెకనుకి కనీసం పదకొండు కిలోమీటర్ల వేగంతో మన గాలిలోకి దూరుతుంది. గంటకి కాదు, సెకనుకి! దాని ముందున్న గాలి తప్పుకోవడానికి టైము ఉండదు. నలిగిపోయి, వేడెక్కి, వెలుగుతుంది. రాయి పైపొర కరిగి కారిపోతూ ఉంటుంది. శుక్రుడి కంటే ఎక్కువ వెలుగుంటే దాన్ని అగ్నిగోళం అంటారు. చాలావరకు రాళ్ళు అక్కడే బూడిదవుతాయి. కాస్త పెద్దవీ గట్టివీ మిగులుతాయి. గాలి వాటిని పట్టి ఆపేస్తుంది. వేగం తగ్గిపోగానే వెలుగు ఆరిపోతుంది. అక్కడి నుంచి మామూలు రాయి పడ్డట్టే, చీకట్లో, చప్పుడు లేకుండా, కొన్ని నిమిషాల పాటు కిందికి పడుతుంది. ఆ చీకటి ప్రయాణాన్ని ఎవరూ చూడలేరు. వెతికేవాళ్ళకి అసలు కష్టమంతా అక్కడే.

ఎందుకంటే ఆ కాసేపట్లో పైగాలి దాన్ని పక్కకి తోసేస్తుంది. చిన్న ముక్కలైతే కిలోమీటర్ల కొద్దీ కొట్టుకుపోతాయి. మీలో వ్యవసాయం చేసేవాళ్ళున్నారు. కళ్ళంలో తూర్పారబడితే ఏమవుతుంది? గట్టి గింజ కాళ్ళ దగ్గర పడుతుంది, తాలు దూరం పోతుంది. ఉల్కల్లో ఇది తిరగబడుతుంది. ఒక చేత్తో రాయి, ఇంకో చేత్తో దూది ఉండ తీసుకుని ఒకే ఊపుతో విసరండి. రాయి ముందుకి పోతుంది, దూది దగ్గర్లోనే ఆగిపోతుంది. అలాగే రాయి గాల్లో పగిలిందంటే పెద్ద ముక్కలు ముందుకి పోతాయి, చిన్నవి వెనకబడతాయి. ఆ చిన్నవాటిని గాలి మళ్ళీ పక్కకి లాగుతుంది. కింద నేల మీద పొడవుగా, కోడిగుడ్డు సాగదీసినట్టుండే ఒక ప్రాంతం తయారవుతుంది. ఒక చివర కంకరంత ముక్కలు, ఇంకో చివర కొబ్బరికాయంత ముక్కలు. మొదట చిన్నది దొరికిందా, పెద్దది ఎటువైపు ఉంటుందో తెలిసిపోతుంది.

ఇక చప్పుడు. మెరుపు మెరిసాక ఉరుము వచ్చేదాకా అంకెలు లెక్కపెడతాం కదా? అదే లెక్క. మూడు సెకన్లకి సుమారు ఒక కిలోమీటరు. వెలుగు చూసిన రెండు నిమిషాలకి తుపాకి పేలినట్టో, లారీ దూరంగా పోతున్నట్టో మోత వినపడిందంటే, అది మీకు నలభై కిలోమీటర్ల లోపే పగిలిందని అర్థం. అప్పుడు మీరు వెతకాల్సిన చోటికి దగ్గర్లో ఉన్నట్టు. మోత రాకపోతే చాలా దూరం. కాబట్టి వెలుగు చూసిన వెంటనే లోపలికి పరిగెత్తకండి. అక్కడే నిలబడి లెక్కపెట్టండి. ఐదు నిమిషాలు ఓపిక పట్టండి.

సరే, ఇప్పుడు ఒక కథ. కథంటే జరిగిందే. 2008 అక్టోబరు 6న అమెరికాలో అరిజోనా కొండల మీద రిచర్డ్ కోవాల్స్కీ అనే ఆయన టెలిస్కోపులో ఒక చిన్న చుక్క పట్టుకున్నాడు. లెక్కలు కట్టి చూస్తే, అది తిన్నగా భూమి మీదకే వస్తోంది. ఎంత టైము ఉందనుకుంటున్నారు? ఇరవై గంటలు కూడా లేదు. రాయి చిన్నదే, అడ్డంగా నాలుగు మీటర్లు. దానికి 2008 టీసీ3 అని పేరు పెట్టారు. ఒక రాయిని అంతరిక్షంలో ఉండగానే చూసి, ఇదిగో ఈ టైముకి ఇక్కడ పడబోతోందని ముందుగా చెప్పడం మనిషి చరిత్రలో అదే మొదటిసారి. చెప్పిన చోటు సూడాన్ దేశంలో నూబియా ఎడారి. చెప్పినట్టే మర్నాడు తెల్లవారుజామున, అక్కడి టైము ఐదు ముప్పావుకి, ముప్పై ఏడు కిలోమీటర్ల ఎత్తులో పేలిపోయింది.

అంత ఎత్తులో పేలిందంటే రాయి బాగా పెళుసుదన్నమాట. కింద ఏమీ మిగిలి ఉండదనే చాలామంది అనుకున్నారు. రెండు నెలలు గడిచాయి. పీటర్ జెన్నిస్కెన్స్ అనే ఉల్కల శాస్త్రవేత్త ఒకాయన అమెరికా నుంచి బయల్దేరి సూడాన్ రాజధాని ఖార్టూమ్ వెళ్ళాడు. అక్కడి యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పే ముఆవియా షద్దాద్ గారిని కలిశాడు. ఇద్దరూ కలిసి ఏం చేశారు? నేరుగా ఎడారిలోకి దిగి రాళ్ళు ఏరలేదు. ముందు మనుషుల్ని వెతికారు. అక్కడ రైలు మార్గంలో ఎడారి మధ్య స్టేషన్లకి ఊళ్ళ పేర్లుండవు, ఎందుకంటే ఊళ్ళే లేవు. నంబర్లే. అందులో ఆరో నంబరు స్టేషను దగ్గర తెల్లవారుజామున లేచి ఉన్నవాళ్ళు ఆ వెలుగు చూశారు. దారిలో ఉన్నవాళ్ళనీ, స్టేషనువాళ్ళనీ అడిగారు. నువ్వు ఎక్కడ నిలబడ్డావు? ఎటు చూశావు? ఎంత ఎత్తులో? పొగ ఎలా వంకర్లు తిరిగింది? ఉపగ్రహాల లెక్కలు చేతిలో ఉన్నా సరే, ఇవన్నీ అడిగారు.

తర్వాత బస్సుల్లో విద్యార్థులు వచ్చారు. మీ వయసు పిల్లలే, అమ్మాయిలూ అబ్బాయిలూ, అధ్యాపకులతో కలిపి నలభై ఐదు మంది. ఎడారిలో పక్కపక్కన వరసగా నిలబడ్డారు. మనవాళ్ళు వరి నాట్లకి ఎలా వరస కడతారో చూశారు కదా, అలా. మనిషికి మనిషికి కొన్ని మీటర్ల ఎడం. అడుగులో అడుగు వేసుకుంటూ తలలు వంచుకుని నడవడం, అంతే పని. ఎవరైనా నల్లటిది చూస్తే చెయ్యి ఎత్తాలి. అందరూ ఆగాలి. చూడటం, కాదనుకోవడం, మళ్ళీ నడవడం. ఇలా ఎన్నిసార్లు చెయ్యి ఎత్తి ఉంటారు! ఎన్నిసార్లు కాదని తేలి ఉంటుంది! డిసెంబరు 6న ఒక విద్యార్థికి మొదటి ముక్క దొరికింది. చిన్నది. వేలి గోరంత. కానీ అంతరిక్షంలో ఉండగా మనిషి కన్ను పట్టిన రాయి మనిషి చేతికి రావడం అదే మొదలు.

ఆ తర్వాత కొద్ది వారాల్లోనే నలభై ఏడు ముక్కలు, అన్నీ కలిపి సుమారు నాలుగు కిలోలు. తర్వాత సంవత్సరాల్లో మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. మొత్తం ఆరు వందల ముక్కలు, పది కిలోల పైచిలుకు. మొదట్లో ఆ రాయి బరువు ఎనభై టన్నుల దాకా ఉండి ఉంటుందని అంచనా. మిగిలింది పది కిలోలు! దానికి ఏం పేరు పెట్టారో తెలుసా? అల్‌మహతా సిత్తా. అరబ్బీలో ఆరో నంబరు స్టేషను అని అర్థం. కనిపెట్టినవాడి పేరు కాదు, వెతికినవాడి పేరు కాదు. చూసినవాళ్ళు నిలబడ్డ చోటు పేరు. నాకు ఈ సంగతి చెప్పేటప్పుడు ఎప్పుడూ గొంతు కాస్త పట్టేస్తుంది.

ఎడారి కాబట్టి దొరికింది, మాస్టారూ, మా ఊళ్ళో చెట్లు, చేలు, ఇళ్ళు అంటారు మీరు. అడగాల్సిన మాటే. అయితే ఇంగ్లండు చూద్దాం. అక్కడ పచ్చగడ్డి, వాన, బురద. 2021 ఫిబ్రవరి 28, ఆదివారం రాత్రి పది కావస్తోంది. కరోనా లాక్‌డౌన్, జనమంతా ఇళ్ళల్లో ఉన్నారు. ఆరేడు సెకన్ల పాటు పెద్ద వెలుగు. వెయ్యి మందికి పైగా చూశామని రాసి పంపారు. ఆకాశం మీదే కన్నేసి ఉంచే కెమెరాలు పట్టుకున్నాయి, ఇళ్ళ తలుపుల దగ్గర పెట్టుకునే కెమెరాలు కూడా పట్టుకున్నాయి. వాటినిబట్టి లెక్కలు కట్టి, వించ్‌కోమ్ అనే చిన్న ఊరి చుట్టుపక్కల పడి ఉంటుందని, నల్లరాళ్ళు కనపడితే చెప్పమని టీవీల్లో, పేపర్లలో అడిగారు.

ఆ ఊళ్ళో ఒక కుటుంబం మర్నాడు పొద్దున లేచి చూస్తే, ఇంటి ముందు కారు నిలిపే చోట నల్లగా చిమ్మి ఉంది. పొయ్యి బొగ్గులు ఎవరో కుమ్మరించినట్టు. వాళ్ళేం చేశారో చూడండి. కడిగెయ్యలేదు. చేతులకి తొడుగులు వేసుకుని, ఏరి, ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి కబురు చేశారు. పడిన పన్నెండు గంటల్లో మొదటి ముక్కలు సంచీలోకి వెళ్ళిపోయాయి, వాన తగలకముందే! తర్వాత శాస్త్రవేత్తలు, విద్యార్థులు గొర్రెలు మేసే పొలాల్లో వరసలు కట్టి నడిచారు. గొర్రె పెంటికలూ నల్లగానే ఉంటాయి, చిన్నగానే ఉంటాయి. ప్రతిదానికీ వంగి చూడాల్సిందే. అలా వంగి వంగి చూస్తే మార్చి 6న ఒక పొలంలో నూట యాభై రెండు గ్రాముల ముక్క దొరికింది. ఆ దేశంలో పడ్డ ఉల్క దొరకడం అప్పటికి ముప్పై ఏళ్ళలో మొదటిసారి.

అంత త్వరగా ఏరడం వల్ల ఏమొచ్చింది? ఆ రాయిలో నీళ్ళున్నాయి. తడి కాదు, ఖనిజంలో కలిసిపోయిన నీళ్ళు. ఆ నీళ్ళ గుణం మన సముద్రపు నీళ్ళ గుణానికి చాలా దగ్గరగా ఉంది. మన సముద్రాల్లో నీళ్ళు ఎక్కడివన్న ప్రశ్నకి అలాంటి రాళ్ళు ఒక జవాబు కావచ్చు. రెండు రోజులు వానలో నానితే ఆ మాట అంత గట్టిగా చెప్పగలిగేవాళ్ళా? వాన నీళ్ళు, రాయిలో నీళ్ళు కలిసిపోయేవి. ఇంకో లెక్క చెబుతాను. అంతరిక్షంలో ఉన్నంతకాలం రాయిలో కొన్ని రేడియోధార్మిక మూలకాలు పుడుతూ ఉంటాయి. అందులో ఒకటి, వెనేడియం 48, పదహారు రోజులకోసారి సగమవుతుంది. నాలుగు నెలలాగి తెస్తే ఇక కొలవడానికి ఏమీ ఉండదు. భయపడకండి, అది మనిషికి హాని చేసేంత కాదు, చాలా సున్నితమైన యంత్రాలకే కనపడుతుంది.

ఏంటమ్మా? పడిన రాయి ముట్టుకుంటే కాలుతూ ఉంటుందా అని ఈ అమ్మాయి అడుగుతోంది. మంచి ప్రశ్న. కాలదు. పైపొర మాత్రమే కరుగుతుంది, లోపలికి వేడి దిగేంత టైము ఉండదు. పైగా చివర్లో చాలాసేపు చల్లగాలిలో పడుతుంది. కాబట్టి గడ్డివాము తగలబడింది, నేల మండుతోంది, పొగ వస్తోంది అంటే అది ఉల్క కాకపోవడానికే ఎక్కువ అవకాశం.

మరి ఏది ఉల్క? నల్లటి పైపొర చూడండి, మిల్లీమీటరు మందం కూడా ఉండదు, గుడ్డు పెంకులాంటిది. ఎక్కడైనా చితికితే చాలావాటిలో లోపల బూడిద రంగో, తెల్లదనమో కనపడుతుంది. బంకమట్టి ముద్దని బొటనవేలితో నొక్కినట్టు పైన గుంటలుండొచ్చు. బుడగలు బుడగలుగా చిల్లులుంటే అది దాదాపుగా ఉల్క కాదనే అనుకోవాలి. ఇదిగో, ఇది చూడండి, అటు పంపిస్తున్నాను, ఒక్కొక్కరూ పట్టుకోండి. బరువుగా ఉంది కదా? నల్లగా ఉంది కదా? ఇది ఇనుప చిట్టెం. కొలిమి దగ్గర పారేసేది. నా దగ్గరికి ఉల్క అని తెచ్చినవాటిలో పదింట తొమ్మిది ఇలాంటివే. తెచ్చినవాళ్ళని నేను ఒక్కసారి కూడా నిరాశపరచలేదు. కూర్చోబెట్టి చూపించాను. వచ్చేసారి ఆయనే అసలుది తేవచ్చు.

అయస్కాంతం గురించి. దయచేసి పెట్టకండి. ఇది చాలామంది చేసే పని, వీడియోల్లో కూడా అదే చెబుతారు. రాయిలో కోట్ల ఏళ్ళ కిందటి అయస్కాంత గుర్తు ఉండొచ్చు. మీరు గట్టి అయస్కాంతం ఒక్కసారి తాకించారంటే అది చెరిగిపోతుంది, మళ్ళీ రాదు. కడగకండి. సుత్తితో పగలగొట్టకండి. పసుపు కుంకుమ పెట్టకండి. దేవుడి మీద గౌరవంతోనే పెడతారని తెలుసు, కానీ ఆ గౌరవం ఫొటోకి పెట్టండి, రాయికి వద్దు. కదపకముందే ఫొటో తీయండి, పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి. ఫోన్లో జీపీఎస్ ఆన్ చేసి ఆ చోటు దాచుకోండి. వంటింట్లో వాడే అల్యూమినియం రేకుతో ఎత్తి, శుభ్రమైన సంచీలో పెట్టండి. మన దేశంలో పడ్డ ఉల్కల్ని భద్రపరిచేది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. కోల్‌కతాలో ఉంది, హైదరాబాదులో దక్షిణ ప్రాంత కార్యాలయం ఉంది. అహ్మదాబాదులో ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ ఉంది, అక్కడ వీటి మీద దశాబ్దాలుగా పరిశోధన చేస్తున్నారు. వాళ్ళకి కబురు చేయండి.

ఇప్పుడు నా మనసులో ఉన్న ఒక బాధ చెప్పుకుంటాను. చాలా ఏళ్ళ కిందట ఒక ఊరి నుంచి నాకు ఫోనొచ్చింది. మాస్టారూ, నిన్న రాత్రి పెద్ద వెలుగు, తర్వాత మోత, కిటికీలు అదిరాయి అని. నేను పరీక్షల పేపర్లు దిద్దే పనిలో ఉన్నాను. సెలవుల్లో వస్తానన్నాను. మూడు నెలల తర్వాత వెళ్ళాను. అప్పటికి ఏం మిగిలింది? ఒకాయన ఉత్తరం అన్నాడు. ఆయన భార్య తూర్పు అంది. మోత వెంటనే వచ్చిందని ఒకరు, అసలు రాలేదని ఇంకొకరు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. పది మంది పది రకాలుగా మాట్లాడుకుని, ఒకరి మాట ఒకరికి అంటుకుని, చూసింది ఏదో విన్నది ఏదో వాళ్ళకే తెలియకుండా పోయింది. రాయి ఎక్కడో చేలో ఉండే ఉంటుంది. వానలకి తుప్పు పట్టి, దుక్కిలో పగిలి. రాయి పాడవడానికి ఏళ్ళు పడుతుంది. చూసినవాళ్ళ మాట పాడవడానికి వారం చాలు. మర్నాడే వెళ్ళి ఉంటే, ఒక్కొక్కరినీ విడివిడిగా నిలబెట్టి, చెయ్యి చాపమని, పిడికిళ్ళు కొలవమని అడిగి ఉంటే! ఆ తప్పు నాదే.

కాబట్టి వెలుగు చూడగానే, ఎవరితోనూ మాట్లాడకముందే, ఒక కాగితం తీసుకోండి. ఎక్కడ నిలబడ్డాను, ఏ స్తంభం పక్కన, ఎటు మొదలై ఎటు పోయింది, ఎన్ని పిడికిళ్ళ ఎత్తు, టైమెంత, మోత ఎన్ని సెకన్లకి. రాసేయండి. తర్వాత కొట్లలో సీసీ కెమెరాలున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఆకాశం కనపడకపోయినా పర్లేదు, నేల మీద స్తంభం నీడ ఎటు తిరిగిందో చాలు. వారం, పదిహేను రోజుల్లో ఆ రికార్డింగు చెరిగిపోతుంది, ముందే అడిగి కాపీ చేసుకోండి. కెమెరా గడియారం ఎంత ముందుందో, ఎంత వెనకుందో కూడా చూసి రాసుకోండి.

ఇక అసలు సంగతి. ఇదంతా చెప్పడానికి నేను ఈ ఊరే ఎందుకు వచ్చాను? ఇక్కడున్న పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ప్రపంచంలో ఉల్కల జాబితా ఒకటుంది. పడిన ఊరి పేరే ఉల్కకి పెడతారు. ఆ జాబితాలో విస్సన్నపేట ఉంది! 1997 డిసెంబరు 13న పడింది. కిలో మూడు వందల గ్రాముల రాయి. యూక్రైట్ అనే జాతి. అది ఎక్కడిదో తెలుసా? వెస్టా అనే గ్రహశకలం నుంచి వచ్చిన జాతి అది. ఆ వెస్టా అడ్డంగా ఐదు వందల కిలోమీటర్ల పైన ఉంటుంది. కుజుడికీ బృహస్పతికీ మధ్య తిరుగుతూ ఉంటుంది. ఒకప్పుడు దాని మీద లావా పారింది. ఆ లావా గట్టిపడ్డ రాయి మన ఊళ్ళో పడింది. నాసా పంపిన డాన్ నౌక 2011లో వెస్టా చుట్టూ తిరిగి చూసి, ఈ జాతి రాళ్ళు అక్కడివేనన్న మాటని గట్టిపరిచింది.

ఇంకో సంగతి. ఆ జాతి రాళ్ళలో ఇనుము లోహంగా ఉండేది చాలా తక్కువ. అయస్కాంతానికి దాదాపు అంటుకోదు. వీడియో చూసి అయస్కాంతం పెట్టి, అంటుకోలేదని పారేసి ఉంటే, విస్సన్నపేట రాయి చెరువులో ఉండేది.

పెద్దాయనా, ఇప్పుడు మీతో పని. ఆ రోజు ఈ ఊళ్ళో, చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి ఇప్పుడు నలభై, యాభై, అరవై ఏళ్ళుంటాయి. వారానికే మాట పాడవుతుందని ఇప్పుడే అన్నాను. ఇన్నేళ్ళకి ఏం మిగులుతుందంటారా? దిక్కులు మిగలకపోవచ్చు. కానీ ఆ రోజు ఎక్కడున్నారో మనిషి మర్చిపోడు. చేలో ఉన్నారా, బస్సులో ఉన్నారా, పాలు పితుకుతున్నారా, పక్కన ఎవరున్నారు, ఏం విన్నారు. అది కావాలి. అదిగో ఆ బల్ల మీద మండలం మ్యాపు పరిచి పెట్టాం, పెన్నులూ కాగితాలూ ఉన్నాయి. చూసినవాళ్ళు ఒక్కొక్కరే రండి, ఒకరి మాట ఒకరికి వినపడకుండా ఈ పిల్లలు విడిగా రాసుకుంటారు. పిల్లలూ, మీ ప్రశ్న ఒక్కటే ఉండాలి. "ఆ రోజు మీరు ఎక్కడ నిలబడ్డారు?" అని మాత్రం అడగండి. తర్వాత వాళ్ళే చెబుతారు, మీరు మధ్యలో మాట అందించకండి. ముందు పెద్దాయన దగ్గర మొదలుపెట్టండి. తల్లీ, ఆ కుర్చీ ఇటు వెయ్యి.